మొదటి మైక్రోకంట్రోలర్ బోర్డు: నీళ్ల ట్యాంకుకూ మిద్దె తోటకూ ఏది తీసుకోవాలి?

మిద్దెతోట_హనుమకొండ:

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో బ్యాంకు ఉద్యోగిని. పాతికేళ్ల కిందట పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను. 555 టైమరుతో వెలిగి ఆరే దీపాలూ, 8051 తో సెవెన్ సెగ్మెంట్ మీద అంకెలూ చేసిన రోజులు గుర్తున్నాయి గానీ, ఉద్యోగంలో చేరిన తరువాత సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోలేదు. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఈ పని మీద ఆసక్తి కలిగింది. ఎండాకాలం సెలవుల్లో ఇద్దరం కలిసి ఇంటికి పనికొచ్చే వస్తువు ఏదైనా చేద్దామని అనుకున్నాము.

పనులు రెండు. మొదటిది, డాబా మీద ఉన్న వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో కింద తెలియాలి. బోరు మోటరు వేసి మరిచిపోవడం, పక్కింటివాళ్లు "మీ ట్యాంకు పొర్లుతోంది" అని కేక వేసే దాకా తెలియకపోవడం మా ఇంట్లో వారానికి ఒకసారైనా జరిగే తంతు. వీలైతే ట్యాంకు నిండగానే మోటరు దానంతట అదే ఆగిపోవాలని కూడా ఆశ. రెండవది, అదే డాబా మీద మా అమ్మ పెంచుతున్న మిద్దె తోటలో ఆరు గ్రో బ్యాగుల్లోని మట్టి తడిని చూసి, దేనికి నీళ్లు కావాలో చెప్పే ఏర్పాటు.

మొన్న హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠిలోని గుజరాతీ గల్లీలో మైక్రోకంట్రోలర్ బోర్డు (సెన్సార్లను చదివి, మన ప్రోగ్రాము ప్రకారం పరికరాలను నడిపే చిప్ ఉన్న చిన్న బోర్డు) కోసం మూడు దుకాణాలు తిరిగాను. ఒకరు ఆర్డుయినో ఊనో తీసుకొమ్మన్నారు, ఇంకొకరు ఈఎస్‌పీ32 ఉండగా అది ఎందుకన్నారు, మూడోవారు రాస్ప్‌బెర్రీ పై పికో చేతిలో పెట్టారు. నాకు చెప్పిన ధరలు మూడింటికీ ఇంచుమించు నాలుగైదు వందల దగ్గరే ఉన్నాయి. ఇక్కడ ఊనో అంటే అసలు కంపెనీది కాదు, అదే డిజైనుతో చేసిన మరొకరి బోర్డు. వేగం చూస్తే ఊనో 16 మెగాహెర్ట్జ్, పికో 133, ఈఎస్‌పీ32 ఏకంగా 240, పైగా దానికి వైఫై, బ్లూటూత్ కూడా ఉన్నాయి. ధర ఒకటే అయినప్పుడు 16 మెగాహెర్ట్జ్ బోర్డును ఎవరైనా ఎందుకు కొంటారన్నది నాకు అర్థం కాలేదు, అందుకే ఏమీ కొనకుండా తిరిగి వచ్చేశాను. మన సీ-డాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ) వారి చిప్‌తో వచ్చిన బోర్డు ఒకటి ఉందని కూడా విన్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి దారి చూపగలరు.

ల్యాబ్_మాస్టారు:

నమస్కారమండీ. నేను కాకినాడలో పాలిటెక్నిక్ ప్రయోగశాలలో పనిచేస్తాను. ఏటా పిల్లలు ఇదే ప్రశ్నతో వస్తారు, ఏటా వేగంతోనే మొదలుపెడతారు. మీ ట్యాంకు నిండడానికి ఎంత లేదన్నా అరగంట పడుతుంది. అంతసేపు సెకనుకు కోటీ అరవై లక్షల గడియార స్పందనలతో నడిచే చిప్ చేయవలసిన పని, నీళ్లు గీత దాటాయా లేదా అని చూడడం ఒక్కటే. మెగాహెర్ట్జ్‌ను పక్కన పెట్టి మూడు విషయాలు చూడండి: పిన్నుల వోల్టేజీ ఎంత, అనలాగ్ పిన్నులు (ఎక్కువ తక్కువలయ్యే వోల్టేజీని కొలిచేవి) ఎన్ని, పని పూర్తయ్యాక ఆ బోర్డు ఎక్కడ నివసిస్తుంది.

వోల్టేజీ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మా ల్యాబులో బోర్డులు పాడయ్యేది ఎక్కువగా అక్కడే. ఊనో ఆర్3 లో ఉన్న ఏటీమెగా328పీ చిప్ 5 వోల్టుల మీద నడుస్తుంది. ఈఎస్‌పీ32, పికో రెండూ 3.3 వోల్టుల బోర్డులు. గల్లీలో దొరికే చవక సెన్సార్లలోనూ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే స్విచ్చు) మాడ్యూళ్లలోనూ చాలా భాగం 5 వోల్టుల కాలంలో తయారైనవే. ఉదాహరణకు హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే, ప్రతిధ్వనితో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సారు తన ఎకో పిన్ను మీద 5 వోల్టులు పంపుతుంది. ఊనోకు నేరుగా కలిపేయవచ్చు. మిగతా రెండింటికి మధ్యలో ఒక కిలోఓమ్, రెండు కిలోఓమ్‌ల రెసిస్టర్లతో విభాజకం కట్టి 3.3 వోల్టులకు దించాలి. కష్టమేమీ కాదు గాని, మొదటి రోజునే మరిచిపోవడానికి వీలున్న పని.

అనలాగ్ పిన్నుల దగ్గర మీ ఆరు గ్రో బ్యాగులే తీర్పు చెబుతాయి. పికోలో బయటి సెన్సార్లకు దొరికే అనలాగ్ పిన్నులు మూడే, కాబట్టి సీడీ4051 వంటి మల్టీప్లెక్సరు (ఒకే పిన్నుకు చాలా సెన్సార్లను వంతులవారీగా కలిపే చిప్) లేనిదే ఆరు సంచులు చూడలేరు. ఊనోకు ఏ0 నుంచి ఏ5 వరకు సరిగ్గా ఆరు ఉన్నాయి. అయితే చిన్న ఓఎల్ఈడీ తెర కలపగానే ఐ2సీ (తెరతో మాట్లాడే రెండు తీగల పద్ధతి) కోసం ఏ4, ఏ5 వెళ్లిపోతాయి, చేతిలో మిగిలేవి నాలుగే. అదే చిప్‌తో వచ్చే నానో బోర్డులో ఏ6, ఏ7 అదనంగా ఉంటాయి కనుక తెరకు రెండు పోయినా ఆరు సంచులకు ఆరు మిగులుతాయి. ఇది యాదృచ్ఛికమే అయినా మీ పనికి కుట్టించినట్టు సరిపోతుంది.

నా సలహా ఇది: మీ అమ్మాయి చేతికి ముందు ఊనో ఇవ్వండి. అందులోనూ చిప్ పొడవాటి కాళ్లతో సాకెట్లో కూర్చునే రకం తీసుకోండి, పొరపాటున కాలిపోతే చిప్ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. చదరపు చిన్న చిప్‌ను బోర్డుకే అతికించిన రకంలో ఆ సౌకర్యం ఉండదు. ఊనో డిజైనును ఆర్డుయినో వారు బహిరంగంగానే ఇచ్చారు, కాబట్టి ఇతరులు అదే డిజైనుతో చేసి తమ పేరుతో అమ్మడంలో తప్పు లేదు. ఆ పేరునూ గుర్తునూ దొంగిలిస్తేనే తప్పు. అలాంటి చవక బోర్డుల్లో యూఎస్‌బీ వైపు సాధారణంగా సీహెచ్340 చిప్ ఉంటుంది, మీ కంప్యూటరు దాన్ని గుర్తించకపోతే దాని డ్రైవరు వేయాలి. నానోలోకి ప్రోగ్రాము ఎక్కకపోతే ఆర్డుయినో ఐడీఈ (ప్రోగ్రాము రాసి బోర్డుకు ఎక్కించే సాఫ్ట్‌వేర్) లో ప్రాసెసరు పట్టీ తెరిచి ఓల్డ్ బూట్‌లోడర్ ఎంచుకోండి. అన్నిటికంటే ముందు కేబుల్ చూడండి: ఫోను ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే, లోపల డేటా తీగలు లేని కేబుల్‌తో రోజంతా పోరాడి బోర్డు చెడిపోయిందని తెచ్చిచ్చిన విద్యార్థులు నాకు చాలామంది తెలుసు.

సీ-డాక్ సంగతి. వేగా కుటుంబానికి చెందిన తేజస్32 అనే రిస్క్-ఫైవ్ చిప్‌తో ఏరీస్ అనే బోర్డులు వచ్చాయి, ఆర్డుయినో ఐడీఈ నుంచే ప్రోగ్రాము చేయవచ్చు. మన దేశంలో రూపొందిన ప్రాసెసరు మీద పనిచేయడం సంతోషమే గానీ, రాత్రి పది గంటలకు ఒక సెన్సారు పలకకపోతే అదే తిప్పలు పడి పరిష్కారం రాసిపెట్టినవారు ఊనోకు దొరికినంత మంది దానికి దొరకరు. రెండవ బోర్డుగా చూడండి.

మూడు_పాయింట్_మూడు:

మాస్టారి మాటలో పొరపాటు లేదు గాని, 2020ల నడుమ నిలబడి కొత్తవారిని 2 కిలోబైట్ల ర్యామ్ ఉన్న బోర్డుతో మొదలుపెట్టమనడం నాకు మనస్కరించదు. ఈఎస్‌పీ32 లో 520 కిలోబైట్ల ర్యామ్ ఉంది. దాన్ని కూడా అదే ఆర్డుయినో ఐడీఈతో ప్రోగ్రాము చేస్తాము, కాబట్టి నేర్చుకునే భాష మారదు. ట్యాంకు నీటి మట్టం ఫోనులో కనబడితే ఆఫీసులో కూర్చుని కూడా చూసుకోవచ్చు. రేపు మీ అమ్మాయి ఎలాగూ వైఫై కావాలని అడుగుతుంది, ఆ రోజు మళ్లీ ఇంకో బోర్డు కొంటారా?

ఆరు అనలాగ్ పిన్నులు దీనిలోనూ ఉన్నాయి, కానీ ఏవి పడితే అవి వాడకూడదు. ఈఎస్‌పీ32 లో రెండు అనలాగ్ విభాగాలు ఉంటాయి. వైఫై నడుస్తున్నంతసేపు రెండో విభాగం పిన్నుల మీద అనలాగ్ రీడింగు తీయడం కుదరదు. అందుచేత మొదటి విభాగానికి చెందిన 32, 33, 34, 35, 36, 39 పిన్నులనే మట్టి సెన్సార్లకు కేటాయించుకోండి, మామూలు 30 పిన్నుల బోర్డులో ఇవి ఆరూ బయటికే ఉంటాయి. 34 నుంచి 39 వరకు ఉన్నవి ఇన్‌పుట్‌కు మాత్రమే, వాటితో ఎల్ఈడీ కూడా వెలిగించలేరు, వాటికి లోపల పుల్-అప్ (ఖాళీ పిన్నును సరఫరా వోల్టేజీ వైపు పట్టి ఉంచే రెసిస్టరు) కూడా ఉండదు. 6 నుంచి 11 వరకు ఉన్నవి లోపలి ఫ్లాష్ మెమరీకి కలిసి ఉంటాయి కనుక వాటి జోలికి వెళ్లకూడదు. స్టార్టయ్యేటప్పుడు 12 వ పిన్ను మీద 3.3 వోల్టులు (హై) ఉంటే కొన్ని బోర్డులు అసలు లేవవు. మొదటి వారంలో ఈ జాబితా గోడకు అంటించుకుంటే చాలు.

నా పొరపాట్లు కూడా చెబితే మీకు ఉపయోగం. ఎకో పిన్నును విభాజకం లేకుండా నేరుగా కలిపి "బాగానే పనిచేస్తోంది కదా" అని ఊరుకున్నాను. నిజంగానే కొన్ని వారాలు పనిచేసింది, తరువాత ఆ పిన్ను ఒక్కటి శాశ్వతంగా మూగబోయింది. ఇంకోసారి వైఫై కలిసే క్షణంలోనే బోర్డు మళ్లీ మళ్లీ రీసెట్ అవుతూ సీరియల్ మానిటరులో బ్రౌనౌట్ అని చూపించేది. రెండు రోజులు ప్రోగ్రాములో తప్పు వెతికాక తెలిసింది, తప్పు సన్నటి పొడవాటి యూఎస్‌బీ కేబుల్‌లో ఉందని. రేడియో పంపే క్షణంలో ఈ చిప్ వందల మిల్లీఆంపియర్లు లాగుతుంది, సన్నని తీగలో ఆ కాస్తకే వోల్టేజీ పడిపోతుంది. కేబుల్ మార్చి, పవర్ పిన్నుల దగ్గర 470 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టాక మళ్లీ ఆ మాట కనబడలేదు.

బ్యాటరీ మీద నడపాలనుకుంటే మాత్రం జాగ్రత్త. గాఢ నిద్రలో చిప్ పది మైక్రోఆంపియర్లే తాగుతుందని కాగితం మీద రాసి ఉంటుంది, అది చిప్ లెక్క. బోర్డు మీద ఉన్న ఏఎంఎస్1117 రకం రెగ్యులేటరు తన మటుకు తానే ఐదు మిల్లీఆంపియర్ల దాకా తింటుంది. అంటే రోజుకు 120 మిల్లీఆంపియర్-గంటలు. 2000 సామర్థ్యం ఉన్న సెల్ ఏ పనీ చేయకుండానే పదహారు రోజుల్లో ఖాళీ అవుతుంది.

రిలే_క్లిక్:

బోర్డు గురించి ఇద్దరూ చెప్పారు కనుక నేను మోటరు గురించి మాత్రమే రాస్తాను. ఆన్‌లైన్‌లో దొరికే నీలం రంగు చిన్న రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ముద్రించి ఉంటుంది, అది చూసి బోరు మోటరును నేరుగా దానితో నడపవద్దు. ఆ అంకె బల్బు, హీటరు వంటి వాటికి. ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటరు నడిచేటప్పుడు ఆరు ఆంపియర్లే తీసుకున్నా, బయలుదేరే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. నేను మా చేను దగ్గర మొండిగా అలాగే చేశాను. మూడో నెలలో రిలే లోపలి పాయింట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ప్రోగ్రాము ఆఫ్ అన్నది, రిలే క్లిక్ మన్నది, మోటరు మాత్రం ఆగలేదు. నీళ్లు అడుగంటిన తరువాత కూడా బోరు వట్టిగా తిరిగింది. దాని మరమ్మతు ఖర్చుతో పదిహేను ఈఎస్‌పీ32 లు వచ్చేవి.

సరైన పద్ధతి: మీ మోటరు స్టార్టరు డబ్బాలో కాంటాక్టరు (మోటరు భారాన్ని మోసే పెద్ద రిలే) ఉంటే దాన్ని అలాగే ఉంచి, మీ రిలే తాలూకు మామూలుగా తెరిచి ఉండే పాయింట్లను పచ్చ బటనుకు సమాంతరంగా, ఇంకో రిలే తాలూకు మామూలుగా మూసి ఉండే పాయింట్లను ఎర్ర బటనుకు వరుసగా కలిపించండి. అప్పుడు భారమంతా కాంటాక్టరు మోస్తుంది, మీ రిలే అర సెకను పాటు బటను నొక్కే వేలు మాత్రమే అవుతుంది. ఇంకో లాభం, కరెంటు పోగానే కాంటాక్టరు విడిపోతుంది, తిరిగి వచ్చినప్పుడు ఎవరో నొక్కితే తప్ప మోటరు లేవదు. కరెంటు పోయి వచ్చేటప్పుడు బోర్డు కూడా రీసెట్ అవుతుంది, ఆ క్షణంలో కొన్ని పిన్నులు వాటంతట అవే ఎగిరిపడతాయి. ఏ పిన్నుకు రిలే కలిపినా స్టార్టింగులో అది క్లిక్ మంటోందా అని పదిసార్లు ప్లగ్ తీసి పెట్టి చూడండి. 230 వోల్టుల వైపు పని ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, అమ్మాయిని ఆ డబ్బా దగ్గరికి రానివ్వకండి.

మొదటి నెల మోటరు జోలికే వెళ్లకుండా బజరు మోగించడంతో ఆపమని నా మనవి.

పికో_విశాఖ:

నేను బడిలో పిల్లలకు నేర్పుతాను కాబట్టి పికో తరఫున రెండు మాటలు. మీ అమ్మాయి బడిలో పైథాన్ మొదలుపెట్టి ఉంటే మైక్రోపైథాన్‌తో పికో చాలా హాయిగా ఉంటుంది. బూట్‌సెల్ బటను నొక్కి పట్టుకుని కేబుల్ పెడితే పెన్ డ్రైవులాగా తెరుచుకుంటుంది, మైక్రోపైథాన్ ఫైలు అందులో వేస్తే అయిపోయింది. ఒక వరుస రాయగానే ఎల్ఈడీ వెలిగితే పిల్లల ముఖం వేరుగా ఉంటుంది, మళ్లీ మళ్లీ కంపైల్ చేసి ఎక్కించనక్కరలేదు. మామూలు పికో కాళ్లు లేకుండా వస్తుంది, సోల్డరింగ్ మీరే చేసుకోవాలి. అది వద్దనుకుంటే పేరు చివర హెచ్ ఉన్న రకం అడగండి. అనలాగ్ పిన్నులు మూడేనన్నది నిజం, మీ ఆరు సంచులకు ఇది సరైన బోర్డని నేను కూడా అనను.

ఇంకొక సంగతి. ఏదీ కొనకముందే వోక్వీ అనే వెబ్‌సైటులో ఊనో, ఈఎస్‌పీ32, పికో మూడింటినీ తెర మీదే వైర్లతో కలిపి నడిపి చూడవచ్చు. డబ్బు పెట్టకుండా మీ అమ్మాయికి ఏది నచ్చుతుందో తెలుస్తుంది.

మిద్దెతోట_హనుమకొండ:

అందరికీ ధన్యవాదాలు. మాస్టారు అడిగిన "బోర్డు ఎక్కడ నివసిస్తుంది" అన్న ప్రశ్న నాకు అసలు తట్టనే లేదు. నిన్న ఆదివారం అమ్మాయీ నేనూ టేపు పట్టుకుని డాబా ఎక్కాము. ట్యాంకు మూత నుంచి వంటింటి పక్కన ఉన్న మోటరు స్విచ్చు వరకు గోడ వెంబడి తీగ లాగితే పదమూడు మీటర్లు వచ్చింది. ఫోను పట్టుకుని చూస్తే ట్యాంకు దగ్గర ఇంటి వైఫై ఒక గీత చూపిస్తోంది, మూత మీద చేయి పెట్టి వంగితే అదీ పోతోంది. డాబా మీద ప్లగ్ పాయింటు లేదు.

ఇంకొక ముఖ్యమైన విషయం రాయడం మరిచాను. మోటరు వేసేది నేను కాదు, మా అమ్మ. ఆమెకు డెబ్బై రెండేళ్లు, స్మార్ట్‌ఫోను వాడదు. నేను ఆఫీసులో కూర్చుని ఫోనులో నీటి మట్టం చూసి ఆమెకు ఫోన్ చేసి చెప్పడమంటే, పక్కింటివాళ్లు కేక వేసే పద్ధతే నయం. ఆమెకు వంటింట్లో కనబడాలి, వినబడాలి. మా అమ్మాయి మాత్రం తెర మీద "ట్యాంకు నిండింది" అని తెలుగులోనే రావాలని పట్టుబట్టింది, నానమ్మ ఇంగ్లీషు చదవదు కదా అని దాని వాదన. అది సాధ్యమేనా? అల్ట్రాసోనిక్ సెన్సారు పదమూడు మీటర్ల తీగ మీద పనిచేస్తుందా?

ల్యాబ్_మాస్టారు:

చూడవలసినది మీ అమ్మగారైతే సగం ప్రశ్న తీరిపోయినట్టే, ఈ పనికి వైఫై అక్కరలేదు. బోర్డు వంటింట్లో ఉంటుంది, డాబా మీదకు తీగ మాత్రమే వెళుతుంది. అయితే అల్ట్రాసోనిక్ వద్దు. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 ను తేమ నిండిన ట్యాంకులో పెడితే కొన్నాళ్లకు పచ్చగా తుప్పు పడుతుంది. నీళ్లకు తట్టుకునే జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ రకం తీసుకుంటే, ముఖానికి ఇరవై, ఇరవై అయిదు సెంటీమీటర్ల లోపు దూరాన్ని అది చూడలేదు, నిండిన ట్యాంకులో నీళ్లు సరిగ్గా అక్కడే ఉంటాయి. దాన్ని మూత కంటే ఎత్తున గొట్టంలో బిగించాలి. పైగా ధ్వని వేగం ఉష్ణోగ్రతతో మారుతుంది: 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లయితే, మీ మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల్లో దాదాపు 358. మీటరు దూరానికి నాలుగు సెంటీమీటర్ల తేడా, వెయ్యి లీటర్ల ట్యాంకులో అది సుమారు నలభై లీటర్లు. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడే ఈ తేడా ఎక్కువ, నిండేటప్పుడు తక్కువ, కాబట్టి అది పెద్ద దోషం కాదు. పదమూడు మీటర్ల తీగ మీద మైక్రోసెకన్ల స్పందనను మోటరు వైరు పక్క నుంచి తేవడమే అసలు చిక్కు.

మీకు కావలసింది లీటర్ల లెక్క కాదు, నాలుగు మెట్లు. ఒక పీవీసీ గొట్టానికి పావు, అర, ముప్పావు, నిండు మట్టాల్లో నాలుగు ఫ్లోట్ స్విచ్చులు బిగించండి. నాలుగు తీగలు, ఒక ఉమ్మడి తీగ, మొత్తం ఐదు. నెట్‌వర్కు కేబుల్‌లో ఎనిమిది ఉంటాయి, మూడు మిగులుతాయి. ఫ్లోటు స్విచ్చు అంటే తెరిచి మూసే బటను మాత్రమే కనుక దూరం పెద్ద సమస్య కాదు. ఒక్క జాగ్రత్త చాలు: చిప్ లోపల ఉన్న పుల్-అప్ 20 కిలోఓమ్‌లకు పైనే ఉంటుంది, అంత బలహీనమైనదాన్ని నమ్మితే మోటరు వేసినప్పుడల్లా దొంగ సంకేతాలు వస్తాయి. ప్రతి తీగకూ బోర్డు వైపు 2.2 కిలోఓమ్ రెసిస్టరును 5 వోల్టులకు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరును గ్రౌండుకు కలపండి. ప్రోగ్రాములో వరుసగా మూడు సెకన్లు అదే స్థితి ఉంటేనే నమ్మేలా రాయండి, నీళ్లు పడేటప్పుడు అలలకు ఫ్లోటు ఎగురుతూ ఉంటుంది.

తెలుగు సంగతి మీ అమ్మాయి అడిగినందుకు సంతోషం. గల్లీలో ముందుగా చూపించే 16 అక్షరాల రెండు వరుసల ఎల్‌సీడీలో తెలుగు ఉండదు. మనం సొంతంగా గీసుకోవడానికి ఎనిమిది గళ్లే ఇస్తుంది, ఒక్కొక్కటి వెడల్పు ఐదు చుక్కలు, ఎత్తు ఎనిమిది. "ట్యాం" అన్న ఒక్క అక్షరంలోనే య ఒత్తు ఉంది, దీర్ఘం ఉంది, సున్నా ఉంది, అంత ఇరుకులో అది బతకదు. 128 చుక్కల వెడల్పు, 64 ఎత్తు ఉన్న ఓఎల్ఈడీ తీసుకోండి. ఒత్తులూ గుణింతాలూ కలిపి అక్షరాన్ని కూర్చే పని ఇంత చిన్న చిప్ చేత చేయించకుండా, మీకు కావలసిన ఐదు మాటలను కంప్యూటరులో మంచి ఫాంటుతో రాసి, బొమ్మలుగా మార్చి, ఫ్లాష్‌లో దాచండి. నిండు తెర బొమ్మ ఒక్కటి 1024 బైట్లు, ఐదు బొమ్మలు ఐదు కిలోబైట్లు, నానోలో 32 కిలోబైట్ల ఫ్లాష్ ఉంది కనుక సుఖంగా పడతాయి. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. చాలా లైబ్రరీలు తెర మొత్తానికి ర్యామ్‌లో ఒక నకలు పెట్టుకుంటాయి, అదీ 1024 బైట్లే. ఉన్న 2 కిలోబైట్లలో సగం దానికే పోతే ప్రోగ్రాము కంపైల్ అయినట్టే అయి, నడుస్తూ నడుస్తూ పిచ్చిగా ప్రవర్తిస్తుంది. యూ8జీ2 లైబ్రరీని పేజీ పద్ధతిలో వాడితే 128 బైట్లతో సరిపెట్టుకుంటుంది. బొమ్మల ముందు, వాటిని ఫ్లాష్‌లోనే ఉంచమని చెప్పే ప్రోగ్‌మెమ్ అన్న మాట పెట్టడం మరిచిపోతే అవి కూడా ర్యామ్‌లోకే ఎక్కుతాయి.

మూడు_పాయింట్_మూడు:

ఇంటి పరిస్థితి చూశాక ట్యాంకు పనికి నానో సరిపోతుందని ఒప్పుకుంటున్నాను. మిద్దె తోటకు మాత్రం నా మాట వెనక్కి తీసుకోను. ఆరు సెన్సార్ల అనలాగ్ వోల్టేజీలను పదమూడు మీటర్లు కిందికి లాగడం కంటే, తోటలోనే ఈఎస్‌పీ32 పెట్టి రీడింగులు పంపించడం నయం. డాబా మీదకు ముందు ఒక ప్లగ్ పాయింటూ, తలుపు దగ్గర రూటరు సిగ్నలూ చూసుకోండి. ఈ చిప్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటుంది, 5 గిగాహెర్ట్జ్ పేరు దానికి కనబడదు. లిథియం సెల్ ఉన్న డబ్బాను మన ఎండలో వదలవద్దు.

మట్టి సెన్సారులో రెండు మెరిసే కాళ్లు ఉన్న రకం కొనకండి, నీళ్లలో కరెంటు పారి ఒక కాలు తినేస్తుంది. నల్లటి పూతతో ఉన్న కెపాసిటివ్ రకం తీసుకోండి. మీకు పాత స్నేహితుడు కూడా అందులోనే ఎదురవుతాడు, ఆ సెన్సారు గుండె 555 టైమరే. 3.3 వోల్టులకు సీమాస్ రకం టీఎల్‌సీ555 ఉండాలి. కొన్ని చవక బోర్డుల్లో మామూలు ఎన్ఈ555 వేస్తారు, దానికి కనీసం 4.5 వోల్టులు కావాలి, 3.3 మీద అది చెప్పే అంకెలకు అర్థం ఉండదు. కొనేముందు చిప్ మీది అక్షరాలను ఫోను కెమెరాతో పెద్దది చేసి చదవండి.

మిద్దెతోట_హనుమకొండ:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. ఒక ఊనో, ఒక నానో కొన్నాము. ఈఎస్‌పీ32 దసరా సెలవులకు వాయిదా వేశాము. ఊనో అమ్మాయి బల్ల మీదే ఉంది, నానో వంటింట్లో స్విచ్చుబోర్డు పక్కన ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో కూర్చుంది. మాస్టారు హెచ్చరించిన కేబుల్ పొరపాటు మేమూ చేశాము, కాకపోతే రోజంతా కాకుండా పావుగంటలో పట్టుకున్నాము. ప్రోగ్‌మెమ్ మాట మరిచిపోవడం కూడా జరిగింది. తెర మీద "నిండింది" బదులు వాన చినుకుల్లాంటి చుక్కలు వచ్చాయి. ఆ తప్పును మా అమ్మాయే కనిపెట్టింది.

ఫ్లోట్లు నాలుగూ పనిచేస్తున్నాయి. ముప్పావు దగ్గర ఒక్క కూత, నిండగానే ఆగకుండా కూత. మోటరుకు ఇంకా ఏమీ కలపలేదు. రిలే_క్లిక్ గారు చెప్పిన నెల గడువు పూర్తయ్యాక మా స్టార్టరు డబ్బాలో కాంటాక్టరు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో తెరిపించి చూస్తాము. ప్రస్తుతానికి మా అమ్మ చేసిన ఫిర్యాదు ఒక్కటే, కూత మరీ కీచుమంటోందట, గుడి గంటలాగా మార్చమంటోంది. నానో మీద బజరుతో అంతకంటే మెత్తని శబ్దం తీయడానికి ఏమైనా ఉపాయం ఉందా?

ల్యాబ్_మాస్టారు:

చిన్న ఎంపీ3 మాడ్యూలు ఒకటి దొరుకుతుంది, డీఎఫ్‌ప్లేయర్ మినీ అని అడగండి. మెమరీ కార్డులో నిజం గుడి గంటే రికార్డు చేసి పెట్టవచ్చు. నానో నుంచి దాని ఆర్‌ఎక్స్ (సంకేతాలు అందుకునే) పిన్నుకు వెళ్లే తీగలో ఒక కిలోఓమ్ రెసిస్టరు వేయండి, ఆ పిన్ను 3.3 వోల్టులది, లేకపోతే స్పీకరులో సన్నగా రొద వినబడుతుంది. గంట ఎందుకు, మనవరాలి గొంతుతోనే "నానమ్మా, ట్యాంకు నిండింది" అని పెట్టండి.